గురువారం పోని మెయిల్

సూర్యాపేట కొత్త బస్టాండ్ ఎదురుగా యమున కంప్యూటర్ రిపేరు షాపు. పొద్దున తొమ్మిదింటికి షట్టర్ లేపి, ఊడ్చి, చాయ్ తాగేలోపే ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే మాట.

"యమునా, అన్నం ఉడుకుతలేదు. జర వచ్చి సూడరాదు."

ఆమె అడిగేదీ ఎప్పుడూ ఒకటే. పప్పు ఉడుకుతుందా, గుడ్డు ఉడుకుతుందా అని. అవి ఉడికితే లోపం గ్యాస్‌లో లేదు, కుక్కర్‌లో లేదు. ఆ ప్రహరీ లోపల ఏదో కంప్యూటర్‌లో ఒక మెయిల్ పోకుండా ఇరుక్కుని ఉంది. మెయిల్ ఇరుక్కున్న చోట బియ్యం ఎన్ని విజిల్లు వచ్చినా గులకరాళ్లలాగే ఉంటాయి. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి, మోటార్ కాలిపోతే మెకానిక్‌ను పిలిచినట్టు యమునను పిలుస్తారు. ఆమె వెళ్లి సర్వర్ పేరు సరిచేస్తుంది, పోర్టు నంబర్ మారుస్తుంది, నిండిపోయిన మెయిల్ బాక్సు ఖాళీ చేస్తుంది. ఔట్‌బాక్స్‌లోంచి మెయిల్ కదలగానే వంటింట్లో ఎసరు పొంగుతుంది. తినిపొమ్మంటారు. చాలాసార్లు తినే వస్తుంది.

ఆ గురువారం ఆమె కోదాడలో ఉంది. ఒక కాలేజీ వాళ్లు సర్వర్ మార్చుకుని, నలభై అకౌంట్లు చెడగొట్టుకున్నారు. హాస్టల్లో నాలుగు వందల మంది ఉప్మా తిని క్లాసులకు పోతున్నారు. మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి హైమావతి ఫోన్ చేసింది. వాళ్లది రైస్‌మిల్లు. మిల్లు, ఆఫీసు, ఇల్లు ఒకే ప్రహరీలో ఉంటాయి.

"పొద్దుటి సంది అన్నం అయితలేదు బిడ్డా."

"కోదాడల పనిల ఉన్ననమ్మా. ఇక్కడ ఖతం అయ్యేసరికి ఆదివారం అయితది. సోమవారం పొద్దుగాల వస్త. అందాక చపాతీలు చేసుకోండ్రి."

"సరే తియ్యి, తొందరేం లేదు," అంది హైమావతి.

ఆదివారం మధ్యాహ్నం ఆ మిల్లులో బాయిలర్ పేలింది. రేకుల కప్పు లేచి రోడ్డు అవతల పడింది. పక్కన వడ్లు ఎత్తుతున్న సేవ్యా అక్కడికక్కడే పోయాడు. పెన్‌పహాడ్ దగ్గర తండా మనిషి, ముప్పై నాలుగేళ్లు. యమునది కూడా ఆ వైపు తండానే గానీ అతన్ని ఎప్పుడూ చూడలేదు. వాల్వ్ చెడిపోయిన సంగతి ఎవరికీ చెప్పకుండా నడిపాడని బాయిలర్ ఆపరేటర్ రామలింగాన్ని పోలీసులు తీసుకుపోయారు. ఫిర్యాదు ఇచ్చింది హైమావతి కొడుకు, మిల్లు ఓనర్ తిరుమలేష్. సోమవారం యమున పోలేదు. చావు జరిగిన చోటికి కంప్యూటర్ బాగుచేస్తానని ఎట్లా పోతుంది?

బుధవారం హైమావతే మళ్లీ ఫోన్ చేసింది. "చుట్టాలొచ్చిండ్రు బిడ్డా. ఇంకా ఉడుకుతలేదు."

యమున దొరికిన మొదటి బస్సుకే పోయింది. మిల్లు ముందు తడిసిన బూడిద ఉంది. ఆఫీసులో పగిలిన కిటికీలకు టార్పాలిన్ పట్టాలు కట్టారు. కంప్యూటర్‌కు మాత్రం ఏమీ కాలేదు. తిరుమలేష్ ఆమె వెనక నిలబడ్డాడు. నాలుగు రోజుల గడ్డం, ఎర్రబడ్డ కళ్లు.

"మెయిల్స్ వస్తనే ఉన్నయ్ కదా. ఇంకేం ఇరుక్కుంటది?" అన్నాడు.

వస్తున్నాయి. కానీ వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. ఈ మధ్య పాస్‌వర్డ్ మార్చారా అని అడిగింది. పోయిన బుధవారం రాత్రి, మెయిల్‌ను కొత్త ఫోన్‌లో పెట్టుకునేటప్పుడు మార్చానన్నాడు. కంప్యూటర్‌లో వచ్చే దారికి కొత్త పాస్‌వర్డ్ కొట్టాడు, పోయే దారికి పాతదే వదిలేశాడు. అందుకే వచ్చిన మెయిల్స్ ఫోన్లో, కంప్యూటర్లో రెండిట్లో కనబడుతున్నాయి, అతను ఫోన్ నుంచి పంపేవీ పోతున్నాయి. పోనిది మాత్రం రాసిన మిషన్లోనే పడి ఉంటుంది. ఇంకెక్కడా కనబడదు.

ఔట్‌బాక్స్ తెరిచింది. ఒక్కటే ఉంది. గురువారం, ఉదయం ఆరూ నలభై. బాయిలర్ తనిఖీ ఆఫీసుకు. ఆఫీసులోకి ఎవరూ రాకముందే, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు రామలింగం.

"సార్, రెండో నంబర్ బాయిలర్ సేఫ్టీ వాల్వ్ పట్టేసింది. ప్రెషర్ మీటర్ ముల్లు ఎర్రగీత దాటినా ఆవిరి వదులుతలేదు. ఓనర్‌కు చెప్పిన. ఈ లోడు అయ్యేదాక నడుపు అన్నడు. నాకు భయమైతుంది. దయచేసి మనిషిని పంపండి. లేకుంటే బంద్ పెట్టమని మీరన్నా రాయండి."

యమున రెండుసార్లు చదివింది. గురువారం. ఈ మెయిల్ ఆగినందుకే ఆ రోజు అన్నం ఉడకలేదు. అందుకే హైమావతి తనకు ఫోన్ చేసింది. ఆ సాయంత్రం వచ్చి ఉంటే పది నిమిషాల పని.

వెనక నుంచి తిరుమలేష్ కూడా చదివాడు.

"తీసేస్తే ఉడుకుతదా?"

"ఏంది సార్?"

"పంపకుండ తీసేస్తే. అన్నం ఉడుకుతదా లేదా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయింది. "ఉడుకుతది."

"అయితే తీసెయ్. ఆ పిల్లగాడు ఎట్లాగూ తిరిగి రాడు. నాకూ బిడ్డ ఉన్నది యమునా."

తలుపు దగ్గర హైమావతి నిలబడి ఉంది. చేతిలో గిన్నె, గిన్నెలో తెల్లటి నీళ్ల అడుగున పచ్చి బియ్యం. "ఏ రోజుదది?" అని అడిగింది.

"గురువారందమ్మా."

ఆమె కొడుకు వైపు చూసింది. "నేను నీకు చెప్పిన గురువారం. అన్నం అయితలేదు, మెయిల్ ఏదో ఆగినట్టున్నది, సూడమన్న. లోడు పంపాలె, తర్వాత సూస్తనన్నవ్."

"అమ్మా, నువ్వు లోపలికి పో."

ఆమె పోలేదు. యమున సెట్టింగ్స్ తెరిచింది. వచ్చే దారి పాస్‌వర్డ్ దాచి ఉన్న చోటు ఆమెకు తెలుసు. దాన్ని తీసి పోయే దారికి అతికించడానికి ఎంతసేపు పడుతుంది? తిరుమలేష్‌కు అర్థమయ్యేలోపే పంపు నొక్కింది. అతను వంగి వైరు లాగాడు. స్క్రీన్ నల్లబడింది.

మెయిల్ పోయిందో లేదో ముగ్గురికీ తెలియలేదు. అప్పుడు ఇంట్లోంచి, వంటింటి వైపు నుంచి, పొయ్యి మీద రెండో గిన్నె మూత టకటకా కొట్టుకోవడం వినబడింది. గంజి పొంగి మంట మీద పడ్డ వాసన వచ్చింది. తిరుమలేష్ చేతిలో వైరుతో అట్లాగే కుర్చీలో కూర్చున్నాడు.

ఆ పూట యమునను తినిపొమ్మని ఎవరూ అనలేదు.

మెయిల్ మీద తేదీ రాసిన నాటిదే ఉంది. తనిఖీ ఆఫీసు వాళ్లు దాన్ని పోలీసులకు ఇచ్చారు, పోలీసులు కంప్యూటర్ తీసుకుపోయారు. నెల తిరిగేసరికి రామలింగం బయటికొచ్చాడు, తిరుమలేష్ లోపలికి పోయాడు. మిల్లుకు తాళం పడింది. నలభై కుటుంబాల పని పోయింది.

ఒక మధ్యాహ్నం రామలింగం షాపుకొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. దండం పెట్టబోతే యమున ఆపింది.

"వద్దు కాకా. నన్ను గురువారమే పిలిచిండ్రు. సోమవారం వస్తనన్న."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. "నేను ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకుంట బిడ్డా. ఆడ అన్నం ఉడుకుతలేదన్న సంగతే నాకు తెల్వదు. మెయిల్ పోయిందనుకున్న. మనిషొస్తడు, మనిషొస్తడు అని మూడు రోజులు బాయిలర్ నడిపిన. బంద్ పెట్టే మీట నా చేతి కిందనే ఉండె."

బయట బస్సుల హారన్లు. అతనే మళ్లీ అడిగాడు.

"ఈ ముచ్చట సేవ్యా పెండ్లానికి చెప్పినవా?"

"లే. నువ్వు?"

"లే."

యమున లేచి షట్టర్ దించింది. పెన్‌పహాడ్ బస్సు దాదాపు ఖాళీగా ఉంది. కండక్టర్ కూర్చోమన్నాడు గానీ, తండా వచ్చేదాకా ఇద్దరూ కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నారు.