పులికి బొట్టు పెట్టింది నేనే

నేను ఒక కెమెరాని. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫర్ మెడలో వేలాడుతూ, "కొంచెం నవ్వండి సార్" అని జనాన్ని ఏడిపించే రకం కాదు. నన్ను చెట్టుకి కట్టేస్తారు. నా ముందు నుంచి వెచ్చటి ఒళ్ళున్నది ఏది కదిలినా టక్కున ఫోటో తీసేస్తాను. మనిషైనా, మేకైనా, మేనమామైనా నాకు ఒకటే. అడగను, నవ్వమనను. మర్యాద అనే భాగం నాకు తయారీలోనే పెట్టలేదు.

పుట్టింది ఎక్కడో పెద్ద కార్ఖానాలో. ఆ ఊరి పేరు నా అడుగున రాసి ఉందట. నా కన్ను ముందుంటుంది కాబట్టి నా అడుగు నేనెప్పుడూ చూసుకోలేదు. మీరు మాత్రం చూసుకున్నారా ఏంటి?

నా మొదటి యజమాని బనగానపల్లె దగ్గర మామిడితోట ఉన్న బాలిరెడ్డి. తోటలో పండ్లు మాయమవుతున్నాయి. కాపలా మనిషిని మార్చారు, కుక్కని మార్చారు, చివరికి తోట గేటుకి వాస్తు కూడా మార్చారు. దొంగ దొరకలేదు. అప్పుడు బాలిరెడ్డి భార్య ఓబులమ్మ నన్ను తెప్పించింది. నన్ను ఏ చెట్టుకి కట్టాలో స్వయంగా బాలిరెడ్డే చూపించాడు. నేను పనిచేస్తానని ఆయన ఏ కోశానా నమ్మలేదు.

వారం తిరక్కుండా దొంగని పట్టేశాను. ఇరవయ్యేడు ఫోటోలు. అన్నీ మిట్టమధ్యాహ్నంవే. లుంగీ ఎగ్గట్టి, మోచేతుల దాకా రసం కారుతుంటే, కళ్ళు మూసుకుని పండు జుర్రుతున్న బాలిరెడ్డి. ఆయనకి షుగరు. పండు ముట్టనని ఓబులమ్మ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఓబులమ్మ ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. ఆ పూట కాకరకాయ కూర చేసింది. మర్నాడూ కాకరకాయే. నెల రోజులు కాకరకాయే. ముప్పై ఒకటో రోజున బాలిరెడ్డి నన్ను సంచిలో వేసుకుపోయి అడవిశాఖకి దానం చేసేశాడు. "వన్యప్రాణులపై రైతు ప్రేమ" అని పేపర్లో కూడా వేశారు.

అట్లా నేను నల్లమల అంచున ఉన్న ఎలుగుబోడు అభయారణ్యానికి వచ్చాను. మొదట నన్ను సఫారీ జీపులు పోయే దారిలో కట్టారు. ఆరు నెలల్లో నలభై వేల ఫోటోలు తీశాను. అందులో ముప్పైతొమ్మిది వేల తొమ్మిదొందలు జీపులు. మిగతా వంద, జీపుల్లోంచి దిగకూడదు అని రాసున్న బోర్డు దగ్గర జీపు దిగి ఫోటో దిగుతున్నవాళ్ళు.

వచ్చేవాళ్ళందరికీ పులి కావాలి. దుప్పుల మంద బంగారంలా నిలబడి చూస్తుంటే "జింకలేలే, పోనీ పోనీ" అంటారు. నెమలి పురి విప్పితే "పులి ఎప్పుడొస్తుంది?" అని డ్రైవర్ని అడుగుతారు, అదేదో కడప ప్యాసింజరు అయినట్టు. ఈలోగా ఒక పెద్దాయన చిప్స్ ప్యాకెట్ విప్పుతాడు. ఆ చప్పుడుకి మూడు కొండల అవతల పడుకున్న పులి లేచి, నాలుగో కొండకి మారిపోతుంది.

అక్కడే పెద్దులు పరిచయమయ్యాడు. చెంచు. యాభై దాటిన మనిషి. అడవిశాఖలో జాడలు చూసే పని. నేల మీద రెండు గీతలు చూసి, "ముసిలి ఎలుగు. ఎడమకాలు నొప్పి. పొద్దున ఎందుకో కోపంగా ఉన్నింది" అంటాడు. ఎవరి మీద కోపమో కూడా చెప్పగలడు కానీ మనమెందుకు మధ్యలో అని ఊరుకుంటాడు.

ఈ పెద్దులుకి ఒక్కటే బాధ. మూడేళ్ళుగా ఆయన చెబుతున్నది ఎవరూ నమ్మడం లేదు.

దసరా పొద్దున డిప్యూటీ రేంజర్ వెంకోబరావు దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు.

"సారూ, ఇప్పలోయలో ఆయమ్మ ఉంది. ఈసారి ఇద్దరు పిల్లోళ్ళు గూడ."

ఆయమ్మ అంటే ఆడపులి. పెద్దులు దాన్ని ఎప్పుడూ పేరు పెట్టి అనడు.

"ఉంటే ఫోటో ఏదయ్యా పెద్దులూ?" అన్నాడు వెంకోబరావు.

"జాడలు సూపిస్తి గద సారూ."

"జాడలు జిల్లా ఆఫీసు మేడంగారికి పంపిస్తే ఏమంటుంది? బురద పంపించారు అంటుంది."

సంగతేంటంటే, ఇప్పలోయ మీదుగా కొత్త జీపు దారి తెరవబోతున్నారు. కార్తీక పౌర్ణమికి ప్రారంభం. అక్కడ పులి ఉన్నట్టు కాగితాల్లో ఎక్కడా లేదు కాబట్టి జీపులు పోవచ్చు. పిల్లలతో ఉన్న పులి అని ఫోటో దొరికితే మాత్రం లోయ మొత్తం మూసెయ్యాలి, అది అక్కడి రూలు. అంటే పులి లేదని తేలిన చోటికి, పులిని చూపిస్తామని జనాన్ని తీసుకెళ్తారు. మనుషులు నన్ను తయారు చేశారని చెప్పుకోవడానికి నాకు అప్పుడప్పుడూ కొంచెం సిగ్గేస్తుంది.

"పౌర్ణమి వరకు టైముంది. ఒక కెమెరా ఇస్తా, కట్టుకో" అన్నాడు వెంకోబరావు. ఆ కెమెరా నేనే.

కానీ ఆ రోజు ఆయుధపూజ. వెంకోబరావు పూజ మొదలుపెడితే ఆయన చేతికి అందనంత దూరంలో ఉన్నవాళ్ళే బొట్టు లేకుండా బయటపడతారు. జీపులకి పెట్టాడు, తుపాకీకి పెట్టాడు, వాకీటాకీలకి పెట్టాడు, ఆఫీసు ప్రింటరుకి నిమ్మకాయ కట్టాడు. నా దగ్గరికి వచ్చి ఆగాడు. నా ముఖాన చిన్నా పెద్దా చాలా బొడిపెలుంటాయి. వాటి మధ్యలో, పైన, గుండ్రంగా మెరిసేదాన్ని చూసి నుదురు అనుకున్నాడు. ఆముదంలో కలిపిన కుంకుమ, గట్టిగా అద్ది పెట్టాడు.

అది నా కన్ను. నుదుట కన్నుండటం ఎంత ఇబ్బందో శివుడికి తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకి కూడా ఎవరూ కంట్లో బొట్టు పెట్టుండరు.

పెద్దులు చూశాడు. "సారూ, ఈడ అద్దమున్నట్టుంది. తుడిసేదా?"

"పూజ చేసిన బొట్టు తుడుస్తావా? ఏడాదంతా అరిష్టం! ముట్టుకోకు."

పెద్దులు ముట్టుకోలేదు. అరిష్టానికి భయపడి కాదు. ఇచ్చిన కెమెరా మళ్ళీ లాక్కుంటాడేమోనని.

ఇప్పలోయలో నీటిగుంటకి పోయే సన్నదారి పక్కన, మోకాలెత్తులో నన్ను ఒక మద్దిచెట్టుకి కట్టాడు. కట్టాక ఒక పరీక్ష ఉంటుంది. పులి ఎత్తులో ఏదైనా పోతే నేను ఫోటో తీస్తున్నానా లేదా అని చూడాలి. పరీక్షకి పులిని పిలవలేం కదా, అందుకని కట్టినవాళ్ళే నాలుగు కాళ్ళ మీద నా ముందు నుంచి పాకుతారు. దేశంలో ఇట్లాంటి కెమెరాలు ఎన్నున్నాయో, అన్నింట్లో మొదటి ఫోటో మాత్రం ఎవరో ఒక మర్యాదస్తుడు పాకుతున్నదే.

వేరేవాళ్ళు పసిపిల్లల్లా పాకుతారు. పెద్దులు అట్లా కాదు. భుజాలు ఒకదాని తర్వాత ఒకటి లేపి, తల కిందికి వంచి, ఎంత నిదానంగా నడిచాడంటే చెట్టు మీది కొండముచ్చు "ఖక్!" అని అరిచి అందరినీ హెచ్చరించింది. పక్క చెట్టు కొండముచ్చు కిందికి చూసి, దాన్ని తిట్టింది.

తర్వాత ఒక నెల. ఎండకి వేడెక్కి, గాలికి ఊగిన బోదగడ్డిని వెయ్యిసార్లు తీశాను. అడవిపందులు, కణుతులనే పెద్ద జింకలు, ముళ్ళపంది, నా ముఖం నాకి చూసిన ఎలుగుబంటి. నేను తీసిన ప్రతిదాని మీదా మధ్యలో ఎర్రగా ఒక చుక్క పడుతోంది. ఎండకి ఆముదం ఇంకా పట్టేసింది.

పౌర్ణమికి ఇంకా రెండు రోజులుందనగా, తెల్లగా వెలుతురొచ్చాక, పక్షులన్నీ ఒక్కసారి ఊరుకున్నాయి. ఆమె వచ్చింది. నిదానంగా, ఎవరితోనూ పనిలేనట్టు, నేరుగా నా వైపే. నేను యంత్రాన్ని, నాకు గుండె లేదు. అయినా ఏదో ఒకటి ఆగింది. టక్. ఆమె వెనక ఇద్దరు పిల్లలు, ఒకరి తోక ఒకరు కొరుక్కుంటూ. టక్. టక్. నాలుగు సెకన్లు. అంతే.

మర్నాడు పెద్దులు వచ్చి ముందు నేల చూశాడు. తర్వాత నన్ను విప్పాడు. ఆఫీసుదాకా పన్నెండు కిలోమీటర్లు నడిచాడంటారు. నేను ఆయన చంకలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, పరిగెత్తాడు.

ఆఫీసులో పెద్ద మేడం ఉంది. జిల్లా అటవీ అధికారి వాసంతి మేడం, మర్నాటి ప్రారంభోత్సవం కోసమే వచ్చింది. వెంకోబరావు సంబరంగా నా కార్డు కంప్యూటర్లో పెట్టి, గబగబా వెతికి, పులి ఫోటోనే పెద్దది చేసి చూపించాడు.

మేడం చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

ఆడపులి నిండుగా, ఎదురుగా నడిచొస్తోంది. రెండు కనుబొమ్మల మధ్య, అణా కాసంత, ఎర్రటి కుంకుమబొట్టు. పేరంటానికి వస్తున్న పెద్దముత్తైదువలా ఉంది. చేతిలో వాయనం పళ్ళెం ఒక్కటే తక్కువ.

"ఇదేంటి?" అంది మేడం.

"పులి మేడం" అన్నాడు వెంకోబరావు.

"అది కనబడుతోంది. ఏ గుళ్ళోదీ? అమ్మవారి వాహనాన్ని ఫోటో తీసుకొచ్చి నాకు చూపిస్తున్నారా?"

వెంకోబరావుకి అప్పుడు వెలిగింది. నా వైపు చూశాడు. నా బొట్టు వైపు చూశాడు. ఆయన ముఖంలో రంగు ఆ కుంకుమ వైపు నుంచి విభూతి వైపుకి మారింది. నోరు మాత్రం విప్పలేదు.

"దొంగ ఫోటో పైకి పంపితే నా ఉద్యోగం ఊడుతుంది" అంది మేడం. "రేపు ప్రారంభం అనుకున్నట్టే జరుగుతుంది. తెచ్చిందెవరు, నువ్వేనా? నీ సంగతి తర్వాత మాట్లాడతాను" అంది పెద్దులు వైపు చూసి.

వెంకోబరావు పేరు చెప్పేస్తే పెద్దులు బయటపడేవాడు. చెప్పలేదు. చేతులు కట్టుకుని, నెమ్మదిగా అన్నాడు. "తల్లీ, ఒక్క ఫోటో సూస్తే అట్లనే ఉంటాది. మొదుటి నుంచి సూడు. ఆయమ్మ ఒక్కతే గాదు, మా లోయలో అందరూ బొట్టు పెట్టుకున్యారు."

మేడం చికాగ్గానే మొదటి ఫోటో తెరిచింది.

పెద్దులు. నాలుగు కాళ్ళ మీద. వెనక నుంచి. బొట్టు సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడ, అంటే ఎక్కడ పడకూడదో అక్కడ పడింది.

మేడం గొంతు సవరించుకుని తర్వాతది నొక్కింది. బొట్టుతో అడవిపంది. పొట్ట మీద బొట్టుతో ఎలుగుబంటి, బొడ్డు పచ్చబొట్టులా. బొట్టుతో ముళ్ళపంది. గడ్డికి బొట్టు. గాలికి బొట్టు. ముప్పయ్యో ఫోటో దగ్గర మేడం బల్ల మీద తల పెట్టేసుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని వెంకోబరావు భయపడి, "నేనే మేడం! ఆయుధపూజకి నేనే పెట్టాను! నుదురనుకున్నాను!" అని మొత్తం కక్కేశాడు.

"ఆయన భక్తితో పెట్టినాడు తల్లీ" అన్నాడు పెద్దులు. "కెమెరాకే తెలీదు దాని నుదురేదో."

చూడండి, చివరికి తప్పు నాదయింది.

మేడం కళ్ళు తుడుచుకుని చివరి రెండు ఫోటోలు తెరిచింది. పులిపిల్లలు. పక్క నుంచి పడ్డారు, చారలు ఒక్కోటి లెక్కపెట్టుకోవచ్చు. ఒకదానికి చుక్క బుగ్గ మీద పడింది, ఇంకోదానికి చెవి వెనక. దిష్టిచుక్కలు పెట్టినట్టు. ఇందాకటి దాకా నవ్వుతున్న మేడం, అప్పుడు నవ్వలేదు. చాలాసేపు చూసింది.

"వెంకోబరావుగారూ, రేపటి ప్రారంభం లేదు. లోయ మూసేయండి."

పెద్దులు గోడకి ఆనుకుని, ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు.

మర్నాడు గేటు దగ్గర బెలూన్లు కట్టిన ఆరు జీపులు. విషయం చెప్పే పని పెద్దులుకే పడింది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి హైదరాబాదు నుంచి వచ్చాడు. మండిపడ్డాడు.

"ఏమయ్యా, పులి లేదంటే తెరుస్తారు, పులి ఉందంటే మూస్తారు! ఇంక మేం చూసేదేంటి?"

"ఉందని తెలిసె గద సారూ" అన్నాడు పెద్దులు. "ఇంగ సూసేదేముంది?"

పెద్దమనిషి జీపెక్కి దుప్పుల వైపు పోయాడు. ఆ రోజు దుప్పుల్ని సరిగ్గా చూసుంటాడని నా నమ్మకం. వేరే గతి లేదు.

నా సంగతంటారా? తప్పు దిద్దుకుందామని వెంకోబరావు నన్ను చింతపండు, ముగ్గుపిండి వేసి తోమాడు, ఇత్తడి చెంబుని తోమినట్టు. బొట్టు పోయింది. చూపు కూడా పోయింది. అంచుల్లో కాస్త వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు. ఇప్పుడు నేను గేటు దగ్గర సందర్శకుల హాల్లో ఒక అద్దాల పెట్టెలో ఉంటున్నాను. నా వెనక గోడ మీద ఆ మూడు ఫోటోలు పెద్దవి చేసి పెట్టారు. పులి కనబడక తిరిగొచ్చినవాళ్ళు ఇక్కడికొస్తారు. ఆడవాళ్ళు కొందరు బొట్టు చూసి చెప్పులు విప్పేస్తారు. నిన్న ఎవరో కొబ్బరికాయ కొట్టబోతే ఆపారు.

మూసేసే ఉత్తర్వులో ఒక మాట ఉందని నాకు తర్వాత తెలిసింది. "సిబ్బందితో సహా ఎవరూ ప్రవేశించరాదు." పులిపిల్లలు పెద్దయ్యేదాకా పెద్దులుకి కూడా ఇప్పలోయ లేదు. ఆయన పుట్టి పెరిగిన దారి అది.

అందుకే ఆయన కూడా ఇక్కడికి వస్తాడు. జనంతో పాటు వరసలో నిలబడతాడు, తన వంతు వచ్చేదాకా. మొన్న ముందు నిలబడ్డ ఒకావిడ వెనక్కి తిరిగి, ఖాకీ చొక్కా చూసి అడిగింది.

"నువ్వు ఇక్కడివాడివే కదన్నా, లోపలికి పోయి నిజం పులినే చూడొచ్చుగా?"

"మూయించింది నేనే గదమ్మా" అన్నాడు పెద్దులు, ఫోటోల మీంచి చూపు తిప్పకుండా. "నేనే పోతే ఎట్ల?"