ఫ్యానుతో సహా వచ్చిన గొంతు

నేను ఒక గిటార్‌ని. మంచి టేకు అని కొట్టువాడు చెప్పాడు. ప్లైవుడ్ అని నాకు తెలుసు. ఒకే రోజున నాతోపాటు నాలుగు వందల మంది అన్నదమ్ములు ఫ్యాక్టరీలో పుట్టారు. ఏలూరులో ఒక కొట్టు గోడకి మూడేళ్లు వేలాడాక జ్ఞానసుందరం మాస్టారి ఇంటికి వచ్చాను. ప్రేమతో తేలేదు, గతిలేక తెచ్చారు.

మాస్టారు చర్చి పాటలు కడతారు. ఇరవై రెండేళ్లుగా చెక్కుతున్న ఒక పాటని తన పాత గిటార్ మీద సగం రికార్డు చేశారు. అంతలో బావమరిది దానయ్య చూసుకోకుండా ఆ గిటార్ మీద కూర్చున్నారు. భూకంపమనుకుని పక్క వీధివాళ్లు పిల్లాజెల్లాతో బయటికొచ్చారట.

మిగతా సగం నామీద వాయించాలి. “అతుకు నా చెవికి తగిలిందా, పాట మొత్తం చెరిపేస్తా,” అన్నారు మాస్టారు.

శిష్యుడు ఎలీషా కంప్యూటర్ తెచ్చాడు. “దీనికి పాత గిటార్ వినిపిస్తామండీ, కొత్తదీ వినిపిస్తాం. గొంతు ఎక్కడ లావో ఎక్కడ సన్నమో కొలిచి, కొత్తదాన్ని పాతదానిలా దిద్దేస్తుందండీ.”

“మనుషులక్కూడా చేస్తుందేంట్రా?” పొట్ట నిమురుకుంటూ అడిగారు దానయ్య.

ఇంకొకరి గొంతుతో మాట్లాడితే ఎలా ఉంటుందో! నాకు ఒకటే ఆత్రం. మాస్టారు మైకు ముందు నన్ను మీటారు. స్పీకర్లోంచి గంభీరంగా పలికాను. కానీ ప్రతి స్వరం అడుగునా గుంయ్‌మని ఏదో మూలుగు.

మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. “నా గిటార్ కాదురా ఇది. మా హాల్లో ఫ్యాను.”

నిజమే. మొదటి సగం మే నెలలో, హాల్లో, ఫ్యాను కింద ఫోన్లో రికార్డు చేశారు. గిటార్ ఏదో ఫ్యాను ఏదో కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు? విన్నదంతా పాఠమనుకుని నాకు నేర్పేసింది.

ఎలీషా ఆ రికార్డింగ్‌ని చెవులు పచ్చడయ్యేదాకా విన్నాడు. ఆ రోజు రెండో చరణంలో కరెంటు పోయింది. రెక్కలు ఆగి, మళ్లీ తిరిగేలోపు పదకొండు సెకన్లు. అందులో పాత గిటార్ ఒక్కటే ఉంది. ఆ పదకొండు సెకన్లే కంప్యూటర్‌కి మళ్లీ వినిపించాడు. పాత సగంలోంచి ఫ్యాను మోత కూడా తీయించాడు. మాస్టారు నామీద మిగతా పాట వాయించారు.

తరువాత మొత్తం పాట పెట్టారు. ఎలీషా గోళ్లు కొరుకుతున్నాడు. దానయ్య ఊపిరి బిగబట్టారు; గదిలో గాలి కాస్త పెరిగింది.

మాస్టారు చెయ్యెత్తారు. “ఆపు! దొరికింది. చూశావా, ప్లైవుడ్ బుద్ధి!”

“అదింకా పాతదేనండీ,” నసిగాడు ఎలీషా. “అతుకు తర్వాత చరణంలో.”

మాస్టారు గొంతు సవరించుకున్నారు. “ఊఁ, కానీ.”

ఆ చెయ్యి పాట చివరిదాకా మళ్లీ లేవలేదు. “పాస్టరుగారికి పంపించెయ్,” అన్నారు.

అందరూ లేచారు. మాస్టారు మైకు పక్కకి తోసి నన్ను ఒళ్లో పెట్టుకున్నారు. “ఇంతకీ నీ గొంతేంటే?” అంటూ మీటారు.

రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టు పలికాను. మాస్టారు మొహం చిట్లించారు. ఆపలేదు.