వడ్డించే చేతులు

అన్నం వార్చి చాలాసేపయింది. వంటమనిషి కూరగిన్నె మూత తీసి చూసింది. పైన తెట్టు కట్టింది. గరిటెతో కదిపి మళ్లీ మూత పెట్టింది.

వరండాలో పిల్లలు ఖాళీ కంచాలు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. మంచి గౌన్లూ చొక్కాలూ పొద్దున్నే విప్పించి, బీరువాలో పెట్టి తాళం వేశారు. చిరుగులున్నవి తొడిగారు. విదేశాల నుంచి వాలంటీర్లు వచ్చే రోజు ఈ అనాథాశ్రమంలో అదే పద్ధతి. వాళ్లు వచ్చి వాళ్ల చేత్తో వడ్డించేదాకా పిల్లల నోట మెతుకు పడకూడదు. కడుపు నిండిన పిల్లలు ఫొటోలో ఆశగా చూడరని మేనేజరు ఎప్పుడో కనిపెట్టాడు.

"బస్సింకా రాలేదేం?" అంది వంటమనిషి.

"దారిలో మేకపిల్ల కనబడి ఉంటుంది. దాన్నెత్తుకుని ఫొటోలు దిగొద్దూ?" అంటూ ఆయా గోడకు చేరబడి ఆవలించింది. "మన పిల్లల ఆకలికి కూడా వాళ్లే వచ్చి రిబ్బన్ కత్తిరించాలి తల్లీ. కాచుకో."

వంటమనిషి నవ్వలేదు. వరస చివర, స్తంభానికి తల ఆనించి కూర్చున్న పిల్ల మీదే ఉంది ఆమె చూపు. రాత్రి నుంచి దాని ఒళ్లు కాలిపోతోంది. పొద్దున పరగడుపున వేసిన జ్వరం బిళ్ల కక్కేసింది. ఇంకో బిళ్ల ఆమె కొంగున ముడేసి ఉంది. లోపలికి ఏదైనా పడితేగాని వేయడానికి లేదు.

ఆ పిల్ల ఆమె కూతురు. ఆ సంగతి ఆయాకూ మేనేజరుకూ తప్ప ఎవరికీ తెలియదు. భర్త పోయాక పిల్లను చంకనేసుకుని వచ్చి ఈ గేటు ముందు నిలబడింది. "తల్లి ఉన్న పిల్లను చేర్చుకుంటే మాకు సాయం చేసేవాళ్లు ఒప్పుకోరమ్మా" అన్నాడు మేనేజరు, జాలిగానే. కాసేపాగి, "వంటకు మనిషి కావాలి. నువ్వుండు. పిల్ల కూడా ఉంటుంది. కానీ దానికి నువ్వేమీ కావు" అన్నాడు. తిండి, చదువు, తల దాచుకోను చోటు. ఆమె తలూపింది. అమ్మా అని పిలవొద్దని కూతురికి తనే నేర్పింది. పిల్ల తొందరగానే నేర్చుకుంది. అదే ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

ఇక ఉండబట్టలేక చిన్న గిన్నెలో ఇంత అన్నం కలిపి, కొంగు చాటున పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"చిన్నీ, రెండు ముద్దలు తినవే. బిళ్ల వేస్తాను."

"వద్దు ఆంటీ. వాళ్లొచ్చాక తింటా."

"ఎవరూ చూడట్లేదులే."

"మూతికి అంటుకుంటే సార్ పట్టేస్తారు." పిల్ల ఆరిందాలా గొంతు తగ్గించింది. "నన్ను పంపించేస్తే నువ్వెక్కడుంటావ్?"

వంటమనిషి గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చేసింది.

ఎండ వాలాక వచ్చింది బస్సు. ఒకే రంగు టీషర్టులేసుకున్న కుర్రకారు బిలబిలమంటూ దిగి, గరిటెలు అందుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి చిన్ని పక్కనే నేల మీద చతికిలబడి ముద్ద పెట్టింది. నుదురు తగిలి ఉలిక్కిపడింది. తన సీసాలో నీళ్లతో రుమాలు తడిపి పిల్ల మొహం తుడిచింది. మంచి పిల్ల. ఆ మంచితనంలో వంక పెట్టడానికేమీ లేదు. వంటమనిషి చప్పున వచ్చి బిళ్ల వేసింది.

ఈ పాప తాలూకు వాళ్లెవరైనా ఉన్నారా అని ఆ అమ్మాయి అడిగినట్టుంది. మేనేజరు తల అడ్డంగా ఊపాడు.

"నో మదర్. నో ఫాదర్" అంది చిన్ని నోట్లో ముద్దతోనే, నవ్వుతూ.

ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. లేచి వంటమనిషి చెయ్యి పట్టుకుని గబగబా ఏదో చెప్పింది.

"తాము వెళ్లిపోయాక ఈ పిల్లను సొంత కూతురిలా చూసుకుంటానని మాటివ్వమంటోంది" అన్నాడు మేనేజరు. "ఊఁ అను."

వంటమనిషి చిన్ని వైపు చూసింది.

"అనవేం? తలూపినా చాలు."

"అననండి."

"ఏంటీ?"

"దీన్ని కూతురిలా చూసుకుంటానని నేను అననండి."

అతిథుల కోసం పెట్టుకున్న నవ్వు మేనేజరు మొహం మీద అలాగే ఉంది. కళ్లు మాత్రం మారాయి. ఆ అమ్మాయి అర్థంకాక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. దూరంగా ఆయా చీపురు పట్టుకుని నిలబడిపోయింది.

చిన్ని కంచం పక్కన పెట్టి గబుక్కున లేచింది. "ఆంటీ గుడ్! వెరీ గుడ్ ఆంటీ!" అంటూ చప్పట్లు కొట్టింది. వచ్చినవాళ్లంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుని నవ్వారు. తామూ చప్పట్లు కలిపారు. ఎవరో ఫోను పైకెత్తారు.

"నవ్వు" అన్నాడు మేనేజరు పళ్ల బిగువున.

ఆమె నవ్వలేదు. మిగతావాళ్ల చప్పట్లు ఆగిపోయాయి. జ్వరానికి కాళ్లు వణుకుతున్నా పిల్ల మాత్రం ఆపలేదు. మేనేజరు మొహంకేసే చూస్తూ, కొడుతూనే ఉంది.