బిందె మీది పేరు

ఇళ్లలో వాడే వస్తువులను చూసి, వాడిన మనుషుల సంగతి చెప్పడం విశాలి చదివే ఎమ్మే. "అంట్లు చూడ్డానికి రెండేళ్ల చదువా?" అని బొబ్బిలిలో చుట్టాలు ఆటపట్టించినా ఆ పిల్ల చెవిన పెట్టలేదు. బుడితి దగ్గర పల్లెలో చూసిన ఒక్క ఇత్తడి బిందె మీదే అధ్యాయమంతా రాసేసింది. మెడ కింద చుక్కలతో చెక్కిన ‘సుభద్రమ్మ’ అన్న పేరు కొత్తదానిలా ఉంది కాబట్టి, సుభద్రమ్మ గారు బిందెను వాడకుండా అటక మీద దాచుకున్నారని తేల్చేసింది. గైడు గారు తెగ మెచ్చుకున్నారు. సోమవారం ఇచ్చేయాలి. ఫొటో వేసుకోవడానికి ఇంటావిడ సంతకం ఒక్కటే మిగిలితే, దానికోసం మళ్లీ ఆ పల్లెకు వచ్చింది.

ఇంటావిడ కూడబలుక్కుంటూ సంతకం చేసింది. జగ్గమ్మ అని.

విశాలి ఆ సంతకాన్ని రెండుసార్లు చదువుకుంది. "మీరు సుభద్రమ్మ గారు కాదా మామ్మా?"

"ఆవిడ మా ఆయన ముందు పెళ్లాం. పురిట్లో పోయింది. బిందె ఆవిడ పుట్టింటోళ్లు ఎట్టింది. నలబయ్యేళ్లయి నాను దీంతోటే నీళ్లు మోస్తన్నాను."

"రోజూనా? మరి పేరు అరగలేదేం?"

"సింతపండెట్టి తోమినప్పుడు అక్కడ సెయ్యి తేలిగ్గా ఏస్తాను. పిల్లా జెల్లా నేకండా పోయింది మడిసి. ఇంకెక్కడా ఆవిడ పేరు నేదు. ఇది కూడా నానే అరగదీసేస్తే ఎలాగమ్మా?"

విశాలి బిందెను చేత్తో తడిమింది. నడుముకు ఆనే వైపు ఇత్తడి రేకులా పల్చబడి ఉంది. అక్షరాలు దొరికిన సంబరంలో అటు చూడనే లేదు.

"అంతా తప్పు రాశాను మామ్మా. మళ్లీ రాయాలి."

"అయ్యో, మార్కులు తీసేస్తారేటి?"

తీసేసినా సరే అనుకుంది విశాలి. గైడుకు అక్కడి నుంచే ఫోన్ చేసి, గడువు దాటుతుందని చెప్పేసింది. ఆయన విసుక్కున్నారు. తర్వాత కాగితం తీసి, "ఇదెవరి బిందె అని రాయను?" అనడిగింది.

"ఆవిడిదే రాయి." జగ్గమ్మ కొంగు సర్దుకుంది. "నా పేరు కూడా ఏ మూలన్నా పడతాదేటి?"

విశాలి మొదటి వాక్యం అక్కడే రాసి, పైకి చదివింది. "ఈ బిందెను నలభై ఏళ్లుగా మోస్తున్న మనిషి జగ్గమ్మ."

జగ్గమ్మ దగ్గరకు జరిగింది.

"ఇంకోపాలి సదువు పాపా."