నా బదులు చెప్పిన జవాబు

“గట్టు కాడ అర్ధగంట ఉత్తగ నిలవడుడెందుకే? నిలవడ్డప్పుడే నాలుగు రొట్టెలు కొడితే రెండు పనులైతయ్ గదా” అన్నారు మా ఆయన, మంగళవారం పొద్దున టీ తాగుతూ. ఆ మాటలో ఆయనకు ఏ తప్పూ కనిపించలేదు. నలభై ఏళ్లుగా తాండూరులో కందిపప్పు మిల్లు నడుపుతున్న మనిషి సూర్యప్రకాశ్. యంత్రం ఖాళీగా తిరిగితే ఆయన ప్రాణం ఒప్పుకోదు. నేను వంటగట్టును రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువును కుడికాలి మీదినుంచి ఎడమకాలి మీదికి మెల్లగా మార్చి, పది లెక్కపెట్టి, మళ్లీ వెనక్కి తెస్తున్నాను. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చాక నా ఎడమపాదానికి నేల ఎక్కడుందో తెలియకుండా పోయింది. ఆ తెలివిని దానికి మళ్లీ నేర్పుతున్నాను. చూసేవాళ్లకు అది ఊరికే నిలబడటం.

ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన రోజు మా ఆడబిడ్డ పద్మమ్మ నా మంచం పక్కన కూర్చుని, “ఎడమ దిక్కే గదా వదినా, నసీబ్ మంచిగుంది. కుడిచెయ్యి ఉంటే వంటకేం ఫికర్ లేదు” అన్నది. అప్పటికి నా నోరు వంకర తిరిగి ఉంది, మాట ముద్దగా వస్తోంది. నేను జవాబు చెప్పలేనన్న ధైర్యంతో ఆ వారం రోజులూ మా బంధువులు నా ఎదుటే ఎన్ని మాటలన్నారో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పక్షవాతం నా కాలుచేతుల మీదికి వచ్చింది కానీ చెవుల మీదికి రాలేదు. కోడలు నీలిమ బడిలో పాఠాలు చెబుతుంది. ఆనాటినుంచి ఆమె నాలుగున్నరకే లేచి, నలుగురికి వండి, ఎనిమిదింటికి బస్సెక్కుతోంది. నాకు జబ్బు చేస్తే నా పని మాయం కాలేదు, ఇంకొక ఆడమనిషి నిద్రలోకి బదిలీ అయింది. ఇంట్లో ఉన్న ఇద్దరు మగవాళ్లలో ఎవరికీ జొన్నరొట్టె చేయడం నేర్చుకుందామన్న ఆలోచన రాలేదు. అరవై మూడేళ్ల వయసులో, చచ్చుబడిన చేత్తో, నేను దాన్ని మళ్లీ నేర్చుకోవాలన్న ఆలోచన మాత్రం ఇద్దరికీ వచ్చింది.

వారానికి రెండుసార్లు వికారాబాదులో ఫిజియోథెరపీ. రైలు ఎక్కించడానికి నా కొడుకు శివశంకర్ స్టేషన్ దాకా వస్తాడు. వాడు పైనుంచి నా రెండు చేతులు లాగుతాడు, ఆయన కిందినుంచి నడుము పట్టి నెడతారు. “అమ్మా, బరువిడువకు, జర నువ్వు గూడ ఎక్కు” అంటాడు వాడు. మా మిల్లులో బస్తాను లారీకి ఎక్కించేదీ ఇద్దరే, ఇదే పద్ధతిలో. బస్తాకు మాత్రం ఎవరూ సలహా చెప్పరు.

ఆ మంగళవారం రైలు ధారూర్ దాటాక ఆయన, “ఇయ్యాల్టితోని అయిపాయె అని చెప్త గా కసరత్తుల పిల్లకు. ఇంట్ల తిరుగుతున్నవ్, గట్టు కాడ నిలవడుతున్నవ్. ఇగ చాలు. ఊకె పరేషానెందుకు?” అన్నారు. ఇంట్లో తిరుగుతున్న మాట నిజం. కానీ మా గుమ్మం బయట మూడు మెట్లున్నాయి. ఐదు నెలలుగా ఆ మెట్లు నేను ఒంటరిగా దిగలేదు.

ఫిజియోథెరపీ చేసే జ్యోతికి ఇరవై ఏడేళ్లు. ధారూర్ పక్క పల్లెలో కూలిపని చేసుకునే ఇంటినుంచి చదువుకుని వచ్చింది. చేతులు మెత్తన, మాట కచ్చితం. ఆమె నన్ను ఎప్పటిలాగే గోడ పక్కన ఉన్న గట్టు దగ్గర నిలబెట్టింది. గది రెండో కొసన యోబు చెక్కమెట్లు ఎక్కి దిగుతున్నాడు. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, నాకంటే నెల తర్వాత పక్షవాతం వచ్చింది, అతనికీ ఎడమవైపే. మెట్లయ్యాక కంకర పోసిన బాట మీద నడిపిస్తారు, చేతిలో సంచి పెట్టి నడిపిస్తారు. మూడు వారాలుగా నేను అది గమనిస్తున్నాను. అతనికి నాకంటే బాగా నయమైంది కాబోలు అనుకున్నాను. ఆ రోజు ఇద్దరమూ ఒంటికాలి మీద నిలబడితే జ్యోతి గడియారం పెట్టి చూసింది. అతను నాలుగు సెకన్లు, నేను ఏడు.

“నువ్వే నయం అమ్మా, నేనైతే కల్లు తాగినోని తీర్గ ఊగుతున్న” అని యోబు నవ్వాడు.

“మరి మెట్లు నీకెందుకు, నాకెందుకు కాదు?” అని అడిగాను.

“నాకు బస్సెక్కాలె గదమ్మా. డ్యూటీకి పోవాలె. ఫస్టు రోజే చెప్పిన.”

నేను జ్యోతి వైపు తిరిగాను. “ఫస్టు రోజు నేనేం చెప్పినమ్మా?”

ఆ పిల్ల నా ఫైలు తెచ్చింది. మొదటి కాగితంలో, పేరు, వయసు, జబ్బు వచ్చిన తేదీ కింద ఒక ప్రశ్న: మీరు తిరిగి ఏం చేయగలగాలని కోరుకుంటున్నారు? దాని పక్కన జ్యోతి చేతిరాత: ‘ఇంట్లో నడవాలి. వంట చేసుకోవాలి.’

“మీకప్పుడు మాట రాలేదమ్మా, సార్ చెప్పిండ్రు. దాన్ని బట్టే కసరత్తులు పెట్టిన. మాటొచ్చినంక మిమ్మల్ని మళ్ల అడగాల్సుండె. తప్పు నాదే” అన్నది.

తప్పు ఒప్పుకున్న మనిషిని నేను ఆ ఐదు నెలల్లో మొదటిసారి చూశాను. ఆ రెండు వాక్యాలను మళ్లీ చదివాను. చాలా పుస్తకాలు చదివాను, నా జీవితాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవారు లేరు. నా పాదం ఇంతకాలం నేర్చుకున్న ప్రతిదీ ఆ కాగితం చెప్పినంతవరకే నేర్చుకుంది. వంటింటి గోడ దగ్గర అది ఆగింది. ఆగమన్నది జబ్బు కాదు.

“పెన్ను ఇయ్యమ్మా.”

ఆ జవాబును అడ్డంగా కొట్టేసి, కింద రాశాను: ‘ఒంటరిగా మెట్లు దిగాలి. రోడ్డు దాటాలి. ఎవరూ పట్టుకోకుండా రైలెక్కాలి.’ సంతకం చేసి, తేదీ వేశాను.

జ్యోతి నా నడుముకు పట్టీ కట్టి చెక్కమెట్ల దగ్గరికి తీసుకువెళ్లింది. “ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఎడమది ముందు. నేను పట్టీ పట్టుకుంట, లాగను. ఎక్కుడు మీదే.” మొదటి మెట్టు. ఎడమమోకాలు వణికింది, నిలిచింది. రెండో మెట్టు.

అప్పుడు వచ్చారు ఆయన, బయట ఫోనులో మాట్లాడటం ముగించుకుని. “ఏం బిడ్డా, ఇదేంది కొత్తగ? ఇయ్యాల్టితోని బంద్ చేస్తున్నం గదా!”

జ్యోతి ఫైలు చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, నవ్వారు. కోపం లేని నవ్వు. “ఎక్కడికి పోతవే నువ్వు రైలెక్కి? ఎక్కడికి పోవాల్నో చెప్పు, నేను తీస్కపోనా? ఎన్నడన్న తీస్కపోనన్ననా?”

అనలేదు. తిరుపతికి తీసుకుపోయారు, పెళ్లిళ్లకు తీసుకుపోయారు, మా అమ్మ చనిపోయినప్పుడు తీసుకుపోయి, మూడోరోజే తీసుకువచ్చారు, మిల్లు సీజన్ అని. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో నేను ఎక్కడికీ వెళ్లలేదు.

“తీస్కపోతరు” అన్నాను, మెట్టు మీదినుంచే. “మీరు తీస్కపోతే మీరే తీస్కొస్తరు. నేనే పోతే, తిరిగొచ్చుడా వద్దా అన్నది గప్పుడు నేను అనుకుంట.”

యోబు నడక ఆపేశాడు. ఆయన నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే చుట్టూ చూసి, ఒక కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

నేను రెండో మెట్టు మీద నిలబడే ఉన్నాను.