తట్టకు రెండు పురుగులు

జంగమకోటెలో సుబ్బలక్ష్మమ్మ పట్టుపురుగుల షెడ్డు పంచన గోనెపట్టా మీద కూర్చుని, అమరనాథ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. అది 2007, ఏప్రిల్ నెల. కరెంటు నాలుగింటికి గానీ రాదు. బ్యాటరీ గంటన్నర వస్తుంది. ఒక్క గ్రాఫు గీయడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఈ లెక్క చింతామణిలో బస్సెక్కేటప్పుడే అతనికి తెలుసు. తెలిసీ వచ్చాడు.

అంతకు ముందు పంటలో ఆమె పురుగులు నాలుగో జ్వరం లేచిన తర్వాత సున్నం పూసినట్టు తెల్లబడి బిగుసుకుపోయాయి. పురుగు మేత మాని, కదలకుండా పడుకుని పొర విడిచే రోజులను అక్కడ జ్వరం అంటారు. వచ్చి చూసిన ఆఫీసరు ఒకాయన, చేతులు సరిగా కడుక్కోకుండా లోపలికి పోయి ఉంటారు అని తేల్చేశాడు. ముప్పై ఏళ్లుగా పురుగు పెంచుతున్న సుబ్బలక్ష్మమ్మ ఆ రోజు నుంచి షెడ్డులో కాలు పెట్టలేదు. శుక్రవారం కొత్త పురుగులు రావాలి. వద్దని చెప్పి పంపమని భర్త మునినారాయణతో అప్పటికి రెండుసార్లు అంది. తప్పు తన చేతులదా కాదా, ఆమెకు తేలాల్సింది అదొక్కటే.

షెడ్డు మూలన అమరనాథ్ పనిచేసే ప్రయోగశాల వాళ్లు పెట్టిన చిన్న పెట్టె ఉంది. ఆ పంట నడిచిన ఇరవై ఏడు రోజులూ, సెకనుకొకసారి, గాలిలో తేమ ఎంతో అది రాసుకుంది. తేమ ఎక్కువైనా పురుగు అలా తెల్లబడవచ్చు. మొత్తం ఇరవై మూడు లక్షల అంకెలు. రెండేళ్ల కిందట అతను రాసిన ప్రోగ్రాం వాటిని ఒక్కొక్కటే తీసుకుని చుక్క పెట్టి, చుక్కకూ చుక్కకూ గీత కలిపి, మళ్లీ వెనక్కి తిరిగి చూసుకునే ముసలి గుమాస్తాలా పనిచేసేది. తెర మీద కొంచెం జరిపితే మళ్లీ మొదటి నుంచి.

నిజానికి ఆ పదకొండు నిమిషాలంటే అమరనాథ్‌కు ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎవరితోనూ అనలేదు, తనతో తానూ అనుకోలేదు. గ్రాఫు గీస్తున్నంతసేపూ అతను పనిలో ఉన్నట్టే. ఎవరూ ఏమీ అడగరు. మనుషుల మధ్యనే ఉంటాడు, మాట్లాడక్కర్లేదు. బాగేపల్లిలో చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం తెరిచి ముందు పెట్టుకునేవాడు. ఇప్పుడు ఆ పుస్తకానికి బ్యాటరీ వచ్చిందంతే.

మునినారాయణ ఒకసారి తొంగిచూసి పోయాడు. రెండోసారి వచ్చేసరికీ తెర సగమే నిండింది.

"ఏమప్పా, ఇంతసేపట్లో మా పురుగైతే ఒక జ్వరం లేచేది," అన్నాడు.

అమరనాథ్‌కు చెవులు వేడెక్కాయి. గీయడం ఆపేసి, ఐదు వేల అంకెలకు ఒకటి చొప్పున ఏరుకుని మిగిలినవి వదిలేయమని ప్రోగ్రాం మార్చాడు. కన్ను మూసి తెరిచేలోగా గీత వచ్చింది. చెరువు నీళ్లలా నున్నగా, ఎక్కడా ఒక్క కుదుపు లేకుండా ఉంది. గాలి బాగానే ఉన్నట్టుందని, తేమలో తేడా కనబడటం లేదని నెమ్మదిగా చెప్పాడు. చెప్పిన తర్వాతే ఆ మాటకు అర్థం ఏమిటో అతనికి తట్టింది. గాలి తప్పు కాకపోతే ఇక మిగిలేది ఆమె చేతులే.

సుబ్బలక్ష్మమ్మ ఏడవలేదు, కోప్పడలేదు. దగ్గరకు జరిగి కూర్చుని, తెర మీద రోజులు ఎక్కడెక్కడ మొదలవుతాయో చూపించమంది. అతను చూపించాడు. కాసేపు చూసింది.

"ఇది నా షెడ్డు కాదప్పా. దినానికి నాలుగు తూర్లు ఆకు వేస్తాము. తలుపు తెరిస్తే బయట గాలి లోపలికి రాదా? దీంట్లో తలుపు తెరిచినట్లే లేదు. ఆకు వేయకనే పెంచినామా?"

అమరనాథ్ ప్రోగ్రాంలో తను మార్చిన వరుసను మళ్లీ చదువుకున్నాడు. తలుపు తెరిచిన ఐదేసి నిమిషాలను తను పారేసిన అంకెలే మోసుకుపోయాయి. వాటితో ఇంకేం పోయిందో ఎవరికి తెలుసు? మళ్లీ మొత్తం గీయడం మొదలుపెట్టాడు. బ్యాటరీ సగానికి వచ్చింది. ఈసారి పదకొండు నిమిషాలు దాక్కోవడానికి వీలుకాలేదు, ఆమె పక్కనే ఉంది. ఏదో ఒకటి అడగాలని, తట్టల్లో వేల పురుగులుంటే పెరుగుదల ఎలా తెలుస్తుందని అడిగాడు.

"అన్నీ యాడ చూస్తామప్పా. తట్టలో అన్నిటికంటే లావుదొకటి, అన్నిటికంటే సన్నదొకటి. ఆ రెండూ చూస్తే తట్ట సంగతి తెలిసిపోతాది."

"మరి మధ్యలోవి?"

"మధ్యలోవి మధ్యలోనే కదా ఉంటాయి," అంది ఆమె, ఇంత చదివి ఇదేమి ప్రశ్న అన్నట్టు.

అమరనాథ్ చెయ్యి మీటల మీద ఆగిపోయింది. తెర వెడల్పు వెయ్యి చుక్కలు. ఎంత కష్టపడి గీసినా ఒక్కో నిలువు వరుసలో రెండు వేలకు పైగా అంకెలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతగా కనబడతాయి. ఆ వరుసే ఒక తట్ట. తట్టకు అన్నిటికంటే పెద్ద అంకె ఒకటి, చిన్న అంకె ఒకటి తీసుకుని వాటి మధ్య నిలువుగా ఒక గీత గీస్తే చాలు. కంటికి కనబడేదేదీ పోదు. రెండేళ్లుగా తను ఈ సంగతి ఆలోచించలేక కాదు, ఆలోచించడం ఇష్టంలేక ఆగాడని అతనికి అప్పుడు అర్థమైంది. అర్థమైనా పెద్దగా బాధ కలగలేదు. దాచుకున్న వస్తువును ఎవరో చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టినట్టు అనిపించింది.

పది వరుసల ప్రోగ్రాం రాశాడు. మొదటిసారి ఒక పొరపాటు, సరిచేశాడు. మీట నొక్కి, అలవాటుగా వెనక్కి జారబడబోయాడు. జారబడేలోపే గ్రాఫు వచ్చేసింది.

ఈసారి గీతకు ముళ్లున్నాయి. దినానికి నాలుగు చిన్న ముళ్లు, వరసగా. "అదిగో, తలుపు," అంది సుబ్బలక్ష్మమ్మ. నాలుగో జ్వరం రోజుల్లో మాత్రం మూడు పొడుగాటి ముళ్లు గ్రాఫు పైఅంచును తాకుతూ నిలబడ్డాయి. అతను ఆ చోటును పెద్దది చేసి చూశాడు, అదీ వెంటనే వచ్చింది. మూడు రోజులూ తెల్లవారుజామున, పదేసి నిమిషాలు.

ఆమె తెరను వదిలి పైకప్పు వైపు చూసింది. ఎండాకాలం షెడ్డు చల్లబడాలని రేకుల మీద చిల్లుల పైపు పరిచి బోరు మోటారుకు కలిపి ఉంచారు. జ్వరం రోజుల్లో లోపల పొడిగా ఉండాలని పగలు కరెంటు వచ్చినప్పుడల్లా ఆమే మోటారు ఆపేది. కానీ మోటారుకు, కరెంటు రాగానే నడిపించే ఆటో స్టార్టరు ఉంది. అందరూ నిద్రలో ఉండగా కరెంటు పది నిమిషాలు వచ్చి పోతే, అది తనంతట తాను తిరిగి, కప్పు తడిపి, ఆగిపోయింది. రేకుల అతుకు పెట్టె ఉన్న మూలనే కారుతుంది. పురుగులు మొదట తెల్లబడిందీ ఆ మూలనే.

ఇదొక్కటే కారణమని అంకెలు చెప్పలేవని అమరనాథ్ నిజాయితీగా అన్నాడు. ఆమె తలూపింది. నిచ్చెన తెప్పించి, మునినారాయణ చేత పైపు ఊడదీయించేదాకా కూర్చోలేదు.

"శుక్రవారం పురుగు తెప్పించు," అంది భర్తతో. తర్వాత బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఖాళీ షెడ్డులోకి పోయి తట్టలు దించడం మొదలుపెట్టింది.

బ్యాటరీలో ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. అమరనాథ్ ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టి, చెప్పులు విడిచి బ్లీచింగు నీళ్లలో తనూ కాళ్లు ముంచాడు. కడగాల్సిన తట్టలు ఎన్నున్నాయని గడప దగ్గర నిలబడి ఆమెను అడిగాడు.