దుమ్ములో పచ్చదీపం

రంజాను పండగ సందడి సద్దుమణిగాక ఒక మధ్యాహ్నం మఆన్ ఊరి నుంచి కార్లు బారుగా బయల్దేరి, ఎడారి రోడ్డు దిగి, దైఫల్లా గుడారాలవైపు మళ్లాయి. దైఫల్లా గొర్రెలకాపరి. రంజాను నెల చివర్లో ఫాస్ఫేటు లారీ గుద్ది అతని తొడ ఎముక విరిగింది. ఆ లారీ నడిపిన ఆయెద్‌ని క్షమించమని అడగడానికి ఊరి పెద్దలు కదిలారు. చివరి కారులో ఆయెద్ పక్కన ఇంజినీరు నిదాల్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ఏం ఇంజినీరూ, ఆముదం తాగినవాడిలా ఆ మొహమేంటి?" కారు నడుపుతున్న జర్రార్ అద్దంలోంచి చూశాడు. అతను ఆయెద్ బావమరిది. "గుద్దింది మా బావా, నువ్వా?"

"నోర్ముయ్‌రా," అన్నాడు ఆయెద్. "రావాల్సిన పని లేకపోయినా నాకోసం వచ్చాడు. నీలాగా సిగరెట్ల కోసం రాలేదు."

నిదాల్ కిటికీవైపు జరిగాడు.

గని నుంచి అకబా రేవుకి లారీలు జంటగా పోతాయి. ముందు లారీ బ్రేకు తొక్కిన మరుక్షణమే ఆ సంగతి వెనక లారీకి గాలిలో చేరవేయడం నిదాల్ పని. మామూలు రేడియో దీపంలా నాలుగు దిక్కులా పరుచుకుంటుంది. ఇతనిది టార్చిలైటు లాంటిది. సూటిగా వెనక లారీ మీద పడితేనే కబురు అందుతుంది. లారీలేమో కదిలేవి, రోడ్డేమో మలుపులది. అందుకని ముందు లారీ తోకకి ఒక కెమెరా, ఒక రాడార్ బిగించాడు. వెనక లారీ ఎక్కడుందో అవి కనిపెట్టి చెబితే టార్చి అటు తిరుగుతుంది. కబురు అందుతున్నంతసేపూ వెనక డ్రైవరు ముందు పచ్చదీపం వెలుగుతుంది. తెగితే పసుపు, ముందువాడు బ్రేకు వేస్తే ఎరుపు.

రాడార్‌కి ఒక చాదస్తం ఉండేది. రోడ్డు పక్క ఇనప కమ్మీని చూసి అదే లారీ అనుకునేది. టార్చి అటు ఎగిరేది, దీపం పసుపు కొట్టేది. రాజధాని అమ్మాన్ నుంచి కంపెనీ పెద్దలు చూడటానికి వస్తున్నారంటే నిదాల్ ఒక ఉపాయం చేశాడు. రాడార్ మాట వినొద్దని, కెమెరా చెప్పిందే నమ్మమని యంత్రానికి నేర్పాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యలో తెగినా పచ్చదీపం ఆరకుండా కూడా చేశాడు. ఆకాశం నిర్మలంగా ఉంది. పచ్చదీపం చెక్కు చెదరలేదు. వచ్చినవాళ్లు భుజం తట్టి వెళ్లారు. మళ్లీ సర్దుదాంలే అనుకున్నాడు, ఇఫ్తార్ విందులో మరిచిపోయాడు.

తెల్లారి దుమ్ము లేచింది. కెమెరా గుడ్డిదైపోయింది. రాడార్‌కి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి గాని దాని మాట వినే నాథుడు లేడు. గొర్రెలు అడ్డమొస్తే ముందు లారీ ఆగింది, ఆ కబురు వెనక్కి చేరలేదు. వెనక లారీలో ఆయెద్ ముందు పచ్చదీపం అలాగే వెలుగుతోంది. దుమ్ములోంచి ముందు లారీ వీపు ఒక్కసారిగా కనబడేసరికి ఆయెద్ స్టీరింగు పక్కకి తిప్పేశాడు. ఆ పక్కన దైఫల్లా నిలబడి ఉన్నాడు.

"ఉపవాసం ముందు సహరి భోజనానికని చీకటితోనే లేచినవాణ్ణి, కునుకు పట్టినట్టుంది. ఎర్రదీపం వెలిగే ఉంటుంది, నేనే చూడలేదు," అని పోలీసులకి ఆయెద్ తనే చెప్పుకున్నాడు. ఎవరూ మారు ప్రశ్న వేయలేదు.

గుడారంలో దైఫల్లా పరుపు మీద కట్టుకాలు చాచుకుని ఉన్నాడు. అతని అన్న కొడుకులు కాఫీ పోశారు. అందరూ చిన్న గిన్నెలు ముందు పెట్టుకున్నారుగాని ఎవరూ ముట్టలేదు. అడిగింది ఇస్తానని ఇంటివాడు అనేదాకా ముట్టకూడదు. అన్నాక తాగితే వ్యవహారం ముగిసినట్టే. మళ్లీ దాన్ని తవ్వడమంటే ఇంటివాడి మొహాన ఉమ్మేసినంత తప్పు.

"దైఫల్లా," అన్నాడు పెద్దమనిషి హాజీ ముఫ్లెహ్, "నీ కాఫీ వాసనకి ప్రాణం లాగేస్తోంది. అయినా మాకు కావలసింది ఇస్తేగాని తాగం. ముసలాణ్ణి ఎక్కువసేపు ఊరించకు."

దైఫల్లా నవ్వాడు. "తాగండి పెద్దయ్యా, ఇచ్చేశాను. ఉపవాసం ఉన్న మనిషికి కన్ను మూతపడదా? ఆయెద్ నా తమ్ముడు."

ఆయెద్ మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి దైఫల్లా నుదురు ముద్దుపెట్టుకున్నాడు. "నిద్ర నాదే అన్నా, పాపం నాదే," అని వెక్కాడు.

గిన్నెలు లేచాయి. నిదాల్ కూడా ఎత్తాడు. ఒక్క గుక్క. ఆ గుక్క తాగితే ఆయెద్ చచ్చేదాకా నిద్రపోయిన డ్రైవరే. గిన్నె పెదవిదాకా వచ్చి ఆగింది. కింద పెట్టేశాడు.

"ఆయన నిద్రపోలేదు," అన్నాడు.

"తాగరా నాయనా," అని ముఫ్లెహ్ గదిమాడు. "కట్టిన పుండుని కెలక్కు."

"నిద్రపోలేదు పెద్దయ్యా. ఎర్రదీపం వెలగనే లేదు. వెలగకుండా చేసింది నేను." అని మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. కాఫీ పోసే మనిషి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

దైఫల్లా నిదాల్ వైపు తిరిగాడు. "అంటే, లారీ కన్ను పోయినా చెవి పనిచేస్తోంది. దాని మాట వినొద్దన్నది నువ్వు."

"అవునన్నా."

"తరవాత?"

ఇది చెప్పకపోయినా తెలుసుకునేవాడు లేడు. "ఆ సాయంత్రమే ఎవరూ చూడకుండా అన్నీ మునుపటిలా సర్దేశాను."

అప్పుడు ఆయెద్ తల తిప్పాడు. అతని గొంతులో కోపం కూడా లేదు. "నా కళ్లని నేనే నమ్మడం మానేశాన్రా. పండగనాడు మనవరాలిని ఒళ్లో పెడితే వద్దన్నాను, కునికి జారవిడుస్తానేమోనని. నువ్వు నా పక్కనే కూర్చుని నా పళ్లెంలో మాంసం తింటున్నావు. అప్పుడెందుకు చెప్పలేదు?"

ఆయెద్ చుట్టూ కూర్చున్నవాళ్లని చేత్తో చూపించాడు.

"వీళ్లందరి ముందూ చెప్పగలిగావు. మా ఇంట్లో నాకు చెప్పలేకపోయావా?"

దైఫల్లా చెయ్యి చాచి నిదాల్ ముందున్న గిన్నె తీసుకుని, కాఫీని గుడారం బయట ఇసకలోకి విసిరాడు. "ఇది ఆయెద్ కోసం వచ్చినవాళ్ల కాఫీ. నీ సంగతి వేరు. నీ తరఫు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రా, అప్పుడు మాట్లాడదాం. ఈలోగా పోలీసులకి కూడా చెప్పిరా."

"చెబుతానన్నా."

బయట జర్రార్ కారు తలుపు మూసేసి దానికి అడ్డంగా నిలబడ్డాడు. "నడిచి రమ్మనండి. దారి తప్పితే వాడి టార్చి చూపిస్తుంది."

"ఎక్కనివ్వు," అన్నాడు ఆయెద్. "ఎండలో కుక్కనైనా వదిలేస్తామా?"

తను మాత్రం ముందు సీటులోకి మారాడు. కారు రోడ్డెక్కింది.

దైఫల్లా గుడారానికి తనతో రమ్మని బతిమాలుకోడానికి ఊళ్లో పెద్దలున్నారు. తిట్టి అయినా వస్తారు. ఎదుట సీటు మీంచి కనబడుతున్న ఆయెద్ నెరిసిన తల దగ్గరికి ఎవరిని వెంటబెట్టుకుని పోవాలో నిదాల్‌కి తోచలేదు.